రెజీనా టీచర్ తట్టి చూసిన బండలు

బేతంచెర్ల పిల్లలు నడక కంటే ముందు రాయిని తట్టి చూడటం నేర్చుకుంటారు. పాలిష్ ఫ్యాక్టరీల ముందు నాపరాళ్ళు వరసగా నిలబెట్టి ఉంటాయి. కొనడానికి వచ్చినవాడు వేలి కణుపుతో ఒక్కో బండనూ తట్టి వింటాడు. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పగులుంటే డబ్బుమంటుంది. పైకి రెండూ ఒకే నునుపు. ఆ ఊళ్ళో ఉయ్యాలలో బిడ్డ కూడా డబ్బుమనే చప్పుడు వింటే మొహం తిప్పుకుంటుందని చెబుతారు.

రైలు గేటు పక్కన చర్చి బడిలో రెజీనా టీచర్ ఒకటో తరగతి చెప్పడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ఈ ఏడే ఆఖరు. బద్వేలు నుంచి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక ట్రంకుపెట్టె, ఒక బెత్తం ఉన్నాయి. పిల్లల కనురెప్పలమీద రాతిపొడి తెల్లగా పేరుకుని ఉండటం చూసి, ఆ మొహాలమీద బెత్తం ఎత్తడానికి ఆమెకు చేయి రాలేదు. గంట కొట్టే ఏసన్నకు దాన్ని ఇచ్చేసింది. ఆయన దానితో ఆవరణలోకి వచ్చే మేకలను తోలేవాడు. ఆ మేకలకు ఎంత మర్యాద అబ్బిందంటే, ప్రార్థన జరిగేంతసేపూ నెమరు వేయడం ఆపి నిలబడేవట.

మరి పిల్లలకు మర్యాద ఎలా అబ్బింది? దానికి కారణం నవీన్ అనే అయిదేళ్ళ పిల్లవాడు. పాలిష్ ఫ్యాక్టరీ సుబ్బయ్య కొడుకు. టీచర్ వచ్చిన మొదటి ఏడు, ఒక పొద్దున హాజరు పిలుస్తుంటే గురమ్మ అనే పిల్ల పలకలేదు. పక్కనే కూర్చున్న నవీన్ ఆ పిల్ల వీపుమీద కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"టీచర్, ఈయమ్మికి లోపల పగులుండాది" అన్నాడు.

టీచర్ నవ్వింది. ఆ తర్వాత తెలిసింది, గురమ్మ తల్లి కర్నూలు ఆసుపత్రిలో ఉందని, ముందురోజు నుంచీ పిల్ల ఏమీ తినలేదని. మధ్యాహ్నం నవీన్ తన సంగటి ముద్దలో సగం విరిచి ఆ పిల్లకు పెట్టాడు.

మర్నాటి నుంచి ఆ తరగతిలో హాజరు పద్ధతి మారింది. పేరు పిలవగానే పిల్లలు గుండెమీద తట్టుకుని "ఖంగు" అనాలి, లేదా "పగులు" అనాలి. పగులన్నవాళ్ళను ఎందుకని ఎవరూ అడగకూడదు. పక్కవాళ్ళు కాస్త దగ్గరగా జరిగి కూర్చోవాలి, అంతే. రానురాను మాటలను కూడా తట్టి చూడటం మొదలైంది. ఎవరైనా ఎవరినైనా కించపరిచి మాట్లాడితే తరగతంతా "పగులు" అనేది. ఏసన్న గంట కొట్టి గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే పిల్లలు ఆయన్నూ అడిగేవాళ్ళు. "తాతా, ఈపొద్దు ఎట్లుండావు?" ఆయన గుండె తట్టుకుని "ఖంగు" అనేవాడు. జ్వరమొచ్చిన రోజు కూడా ఖంగే.

ఈ ఏడు సెలవుల తర్వాత నవీన్ కూతురు శివాని ఆ తరగతిలో చేరింది. మొదటిరోజే గుమ్మం వైపు తిరిగి, "ఒరే ఏసన్నా, నీళ్ళు తే" అంది.

"పగులు" అంది తరగతి.

శివానికి అర్థం కాలేదు. "మా నాయన అట్లే పిలుస్తాడు గదా" అంది.

మీ నాయన మాట తప్పు అని అయిదేళ్ళ పిల్లకు చెబితే, పగులు ఆ పిల్లలోనే పడుతుంది అనుకుంది టీచర్. ఏసన్న నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఒక సోమవారం పొద్దున పిల్లలు మామూలుగానే అడిగారు. ఏసన్న గుండె తట్టుకుని, కాసేపాగి, "పగులుండాదప్పా" అన్నాడు.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నియమం నియమమే. లేచి వెళ్ళి వరండాలో ఆయన చుట్టూ కూర్చున్నారు. శివాని అందరికంటే దగ్గరగా జరిగి ఆయన మోకాలికి తల ఆనించింది.

బడి వదిలాక టీచర్ అడిగింది. "ఏమయ్యింది ఏసన్నా?"

"కృపారాణిని బద్వేలుకు పంపిస్తానమ్మా. వాళ్ళ పెద్దమ్మకాడికి."

కృపారాణి ఆయన మనవరాలు. తల్లి పోయినప్పటి నుంచి ఆయన దగ్గరే పెరుగుతోంది. వచ్చే జూన్‌లో ఈ తరగతిలోనే చేరాలి.

"ఆ బిడ్డను ఇడిసిపెట్టి నువ్వుండగలవా?"

"ఉండలేను. అయినా ఈడ వద్దు. నన్ను ఒరే అంటే నాకేం లేదమ్మా, శానా ఏండ్ల అలవాటు. దాని ముందర అంటేనే... దానికి నేను రాజును గదా."

ఆ సాయంత్రమే ఫ్యాక్టరీలో ఇంకొకటి జరిగింది. లారీకి బండలెత్తే ముసలి కూలీ చిన్న ఈరన్నను నవీన్ "ఒరే ముసిలోడా, చేతులు పడిపోయినాయా" అని అరిచాడు. పక్కన ఆడుకుంటున్న శివాని తలెత్తకుండానే "పగులు నాయనా" అంది. కూలీలు నవ్వు ఆపుకోలేక లారీ వెనక్కు పోయారు.

మర్నాడు నవీన్ బండి బడి గేటు దగ్గర ఆగింది. "ఒరే ఏసన్నా, టీచర్ యాడుండాది?"

కిటికీలోంచి తరగతంతా పలికింది. "పగులు."

లోపలికి వచ్చి నిలబడ్డాడు. "ఏం టీచర్, నా బిడ్డకు ఇదేనా మీరు నేర్పిస్తాండేది? కూలోళ్ళ ముందర నా పరువు పాయ."

"నేను నేర్పలేదు నాయనా. నువ్వే నేర్పిస్తివి" అంది టీచర్. "గురమ్మ వీపుమీద తట్టింది ఎవరు?"

నవీన్ తలదించి తన వేలి కణుపులు చూసుకున్నాడు.

"వానొస్తే నిన్ను భుజాలమీద ఇంటికి మోసుకుపోయింది ఎవరు? అప్పుడు ఆయన్ని ఏమని పిలుస్తాంటివి?"

"మామా అని" అన్నాడు, మెల్లగా. "మా నాయన ఒకసారి విని చెంప పగలగొట్టినాడు. మళ్ళ పిలవలే."

"ఆయన మనవరాలు బద్వేలుకు పోతాండాది. ఎందుకో నేను చెప్పను. నీకు తట్టి చూడటం వచ్చు."

నవీన్ బయటికి నడిచాడు. పిల్లలు కిటికీకి అతుక్కుపోయారు. గంట కింద నిలబడిన ఏసన్న, అతన్ని చూసి భుజంమీద తువ్వాలు తీయబోయాడు.

"ఉండనీ మామా" అన్నాడు నవీన్. ఆ మామా కిటికీ దాకా సగమే వినబడింది. "రోంత నీళ్ళుంటే ఇయ్యి."

ఏసన్న తన చెంబు వైపు, అతని మొహం వైపు చూశాడు. ఆ చెంబే అందించాడు. నవీన్ ఎత్తి పోసుకోకుండా, నోటికి కరిచి తాగాడు.

"ఏమనె? ఖంగా, పగులా?" అని వెనక వరస గుసగుసలాడింది.

శివాని తీర్పు చెప్పింది. "సగం మోగినాది."

టైము కాకుండానే ఏసన్న గంట కొట్టాడు. ఎంత గట్టిగా కొట్టాడంటే, స్టేషన్‌లో ఆగి ఉన్న రైలు తనకే అనుకుని కదిలిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

జూన్ దాకా ఆయన ఆగలేదు. మర్నాడే కృపారాణిని చేయి పట్టుకుని గుమ్మంలోకి తెచ్చాడు. శివాని జరిగి పక్కన చోటిచ్చింది. పద్ధతి తెలియని ఆ కొత్త పిల్ల వీపుమీద తానే కణుపుతో మెల్లగా తట్టి, చెవి ఆనించి వింది. గుమ్మంలో నిలబడిన తాత ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.