అందరూ తిట్టిన ఎపిసోడ్

2023 వర్షాకాలం. విజయనగరంలో ఒక మందుల షాపు మీది మేడలో మా యానిమేషన్ స్టూడియో. జపాన్‌లో ఏళ్ల తరబడి వారం వారం వచ్చే ఒక యానిమే సీరియల్‌కి మేం కొన్ని ఎపిసోడ్ల బొమ్మలు గీసి పంపేవాళ్లం. నేను ప్రొడక్షన్ కోఆర్డినేటర్‌ని. అంటే ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూసుకుంటూ, గడువు ముంచుకొచ్చిందని అందరినీ బెదిరిస్తూ తిరిగేవాణ్ణి. పుట్టు పిరికివాడికి ఇలాంటి ఉద్యోగం ఇవ్వడం దేవుడి పరాచికం కాక మరేమిటి? ఫోన్ మోగితే అందరికంటే ముందు నాకే గుండెదడ.

ఒక వారం బొమ్మలకు ప్రాణం వచ్చినట్టుంటుంది, మరో వారం చచ్చుగా ఉంటాయి, ఎందుకని చూసేవాళ్లు అడుగుతుంటారు. డబ్బు తగ్గించారనుకుంటారు. చాలాసార్లు అసలు కరువు మనుషులకీ రోజులకీ. ప్రసారం ఏ వారమూ ఆగదు కాబట్టి నాలుగైదు బృందాలు తలో ఎపిసోడ్ పట్టుకుని ఒకేసారి పనిచేస్తుంటాయి. పెద్ద పోరాటం ఉన్న ఎపిసోడ్‌కి చేయి తిరిగినవాళ్లందరినీ లాగేస్తారు. దానికి ముందూ వెనకా ఉన్నవాటిని మిగిలినవాళ్లతో గట్టెక్కించాలి. ఆసారి ముందున్న ఎపిసోడ్ మా వంతుకి వచ్చింది.

మాలో చేయి తిరిగిన మనిషి గౌరి. రామతీర్థం దగ్గర పల్లె, వరి పండించుకునే కుటుంబం. ఆమెది కీ యానిమేషన్. కదలికలో ముఖ్యమైన భంగిమలు ఆమె గీస్తే, వాటి మధ్య రావలసిన ఇన్-బిట్వీన్ బొమ్మలు మిగతావాళ్లు నింపుతారు. ఆ ఎపిసోడ్‌లో ఒక తల్లి కొడుకుని పడవ ఎక్కించి పంపే సన్నివేశం ఉంది. ఏడుపు ఆపుకోవడానికి ఆ తల్లి మొహం పడే పాట్లన్నీ దగ్గర్నుంచి చూపించాలి. మా మేడలో అది గౌరి తప్ప ఇంకెవరూ గీయలేరు.

ఒక మధ్యాహ్నం ఆమె బొమ్మలు చూస్తుంటే తల్లి చెంప గీత వణికినట్టు కనిపించింది. పెద్దది చేసి చూశాను. పెదవి గీతా అంతే. ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లేసరికి, ఎడమ చేత్తో కుడిచేతి వేళ్లని ఒక్కొక్కటిగా పెన్ను చుట్టూ మడుస్తోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏటైనాదమ్మా?" అన్నాను.

"తిమ్మిరన్నియ్యా. వేళ్లు నావి కానట్టున్నాయి. పెన్ను పట్టుకున్నానో లేదో సూసుకుంటే గాని తెలీడం లేదు." గొంతు తగ్గించింది. "మాస్టారికి సెప్పకు. సెప్తే ఇంటికి పంపేస్తారు. ఎల్తే మరి రానియ్యరు. 'బొమ్మలు గీసి ఎన్నాళ్లు బతుకుతావే' అని మాయన్న ఎప్పుడూ అంతాడు."

మాస్టారంటే మా స్టూడియో యజమాని. ఒకప్పుడు బడిలో డ్రాయింగ్ చెప్పేవారు. చెబితే ఎపిసోడ్ పోతుంది, చెప్పకపోతే ఆ పిల్ల చేయి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి నేను చెప్పానంటే ధైర్యం వచ్చి కాదు. ఆ వేళ్లు చూశాక మాస్టారంటే ఉన్న భయం చిన్నదైపోయింది.

ఆయన కేకలెయ్యలేదు. దానికే మరీ భయమేసింది. "ఒరే సత్తీ, సెయ్యి ముందు, పని తరవాత అని సెప్పడం సులువేరా. ఆ జపానోళ్లు మన దగ్గర పని మాన్పించేస్తే ఈ మేడ మీదున్నోళ్లందరికీ నానేటి సెప్పను?" అంటూనే లేచి చెప్పులేసుకున్నారు. ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం.

"మణికట్టులో నరం నలుగుతోంది," అన్నాడాయన. "ఇప్పుడు ఆపితే స్పర్శ తిరిగి రావచ్చు. ఇలాగే గీస్తే బొటనవేలి పట్టు పోతుంది."

"రావచ్చు అంతన్నారేటండీ? వస్తాదని సెప్పండి," అంది గౌరి.

ఆయన మణికట్టుకి పట్టీ రాసిచ్చాడు.

మాస్టారు జపాన్‌కి ఫోన్ చేశారు. దుబాసీ అమ్మాయి మా సంగతి అటు చెప్పింది. ప్రసారం తేదీ కదలదు, సన్నివేశం తేలిక చేసుకోండి, తర్వాతి పని గురించి తర్వాత మాట్లాడదాం అన్నారు వాళ్లు. ఆ 'తర్వాత' తలచుకుంటే అన్నం దిగేది కాదు.

తేలిక చేయడమంటే ఏమిటో చెబుతాను. ఒకే బొమ్మను కదపకుండా ఉంచితే హోల్డ్. ఆ ఒక్క బొమ్మ మీదే కెమెరాని మెల్లగా జరిపితే పాన్. తల్లి మొహం తీసేసి వీపు పెట్టాం. పడవ తాడు చూపించాం. మిగతాదంతా వాన.

ఎపిసోడ్ వచ్చింది. అభిమానులు ఇంటర్నెట్‌లో దుమ్మెత్తిపోశారు. ఆ తిట్లు గౌరి కంట పడితే ఏమైపోతుందోనని, ఆమెకి ఎవరూ చెప్పొద్దని ఆఫీసంతా తిరిగి బతిమాలుకున్నాను.

కొన్నాళ్లకి మణికట్టుకి పట్టీ వేసుకుని గౌరి వచ్చింది. తన కుర్చీలో కూర్చోలేదు. తలుపు పక్కన, బయటివాళ్లు కూర్చునే బల్ల మీద కూర్చుంది.

"నాను లేకపోయినా ఎపిసోడ్ అయిపోనాది కదన్నియ్యా," అంది. "మరి నాతో పనేటి మీకు?"

ఇన్నాళ్లూ నేను భయపడింది ఒకటి, ఆమె భయపడుతున్నది మరొకటి. ఏం చెప్పినా ఓదార్పు మాటలా ఉంటుంది. ఫోన్ తీసి ఆ తిట్లన్నీ ఆమె చేతిలో పెట్టేశాను.

'బొమ్మలు గీశారా, గోడకి పోస్టర్లు అతికించారా?' అని ఒకరు. 'తల్లి మొహం చూపించడానికి చేతకాలేదా?' అని ఇంకొకరు. 'ఈ బృందంలో మొహాలు గీసి ఏడిపించే మనిషి ఒకరుండేవారే, ఎక్కడికి పోయారు?' అని మరొకరు.

ఆ చివరిది ఆమె రెండుసార్లు చదివింది. "ఇది... నానేనా?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు?"

పట్టీ ఉన్న చేత్తోనే కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వింది. "ఇంకా ఉన్నాయేటన్నియ్యా? ఇంకా ఏటని తిట్నారు? సదువు." నేను గొంతెత్తి చదివాను. అన్ని తిట్లు విని అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆమె వేళ్లకి స్పర్శ వచ్చింది గాని పూర్తిగా రాలేదు. జపాన్ నుంచి తర్వాతి పని కూడా ఆలస్యంగానైనా వచ్చింది. ఇప్పుడు తక్కువ బొమ్మలు గీస్తుంది. తిమ్మిరి మొదలైతే తనే చెబుతుంది, నేను పెన్ను తీసి పక్కన పెడతాను.

ఈ పనిలో ఉన్నాను కాబట్టి వేరే బృందాలు చేసిన ఎపిసోడ్లూ చూస్తుంటాను. ఎక్కడైనా బొమ్మ హఠాత్తుగా చచ్చుబడితే పక్కవాళ్లు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ వారం అక్కడ ఎవరి చేతికి ఏమైందో, చెప్పుకోవడానికి వాళ్లకి ఎవరైనా ఉన్నారో లేదో అని భయం వేస్తుంది.