ఓబమ్మ ముట్టని అన్నం

నిడుగల్లు కొండ కింద గొర్రెలు మేపుకునే ఇళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. మంద దగ్గరికి ఎవరొచ్చినా ముందు సంగటి పెట్టాలి, తిని చేయి కడుక్కున్నాకే పేరడగాలి. ముందే అడిగితే కులం అడిగినట్టే. ఓబమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ అలాగే పెట్టింది. కరువుకు వేరుశనగ చేలు మాడిపోయి, తన ఇంట్లోనే సంగటి జావగా మారిన ఏళ్లలో కూడా మానలేదు.

అలాంటి ఒక ఏడాది ఇద్దరు మనుషులు వచ్చారు, తిన్నారు, పేర్లు చెప్పకుండానే కొండెక్కిపోయారు. వాళ్లు నక్సలైట్లని తర్వాత తెలిసింది. పోలీసులొచ్చి ఓబమ్మ పెనిమిటి కదిరయ్యను పట్టుకుపోయారు. పేర్లు చెప్పమంటే, "అడగలేదు సామీ" అన్నాడు. పేరైనా అడక్కుండా ఎవడు అన్నం పెడతాడని బాదారు.

అప్పట్లో ఉగ్రవాదులను అణచడానికని తెచ్చిన టాడా చట్టం ఉండేది. దాని కింద పడితే బెయిలు కలలో మాట. పెద్ద పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నా సాక్ష్యమే. దేశాన్ని కాపాడుకోవాలి, ఎవరు కాదన్నారు? కానీ కదిరయ్య నుంచి కాపాడాల్సినంత కష్టం దేశానికి ఏమొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

ఠాణా బయట కూర్చున్న ఓబమ్మకు లోపలి అరుపులు వినబడుతూనే ఉన్నాయి. అవి ఆగాక నారప్ప అనే కానిస్టేబులు విస్తరిలో అన్నం తెచ్చాడు. మనిషి మంచివాడే.

"తినమ్మా, లోపల మీ ఆయప్ప గూడా తిన్నాడు."

"నాకొద్దప్పా," అంది ఓబమ్మ. కడుపు కాలిపోతున్నా విస్తరి ముట్టలేదు.

మర్నాడు కోర్టులో, కదిరయ్యను ఇంకొన్నాళ్లు తమ దగ్గరే ఉంచుకుంటామని పోలీసులు అడిగారు. ఉంచుకుంటే అతను ఒప్పుకోని నేరమంటూ మిగలదని, అసలు మనిషే మిగలడేమోనని ఓబమ్మ భయం. జడ్జిగారు పోలీసులను బయటికి పంపించి అడిగారు.

"నిన్ను కొట్టినారా?"

కదిరయ్య నిలబడలేక గోడ పట్టుకున్నాడు. "లేదు సామీ. అన్నం పెట్టినారు."

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే రకం కాదతను, అది ఠాణా అయినా సరే. ఓబమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ముందుకొచ్చి నిలబడింది.

"ఆయప్ప వాళ్ల అన్నం తిన్నాడు సామీ, చెప్పడు. నేను తినలేదు, నేను చెప్తా. అంగీ ఇప్పిచ్చి చూడండి."

జడ్జిగారు చూశారు. పోలీసులకు అప్పగించేది లేదని రాసి, ముందు ఆసుపత్రికి, ఆ తర్వాత జైలుకు పంపారు. విడిచిపెట్టడం ఆయన చేతిలో లేదు. ప్రాణం నిలపడం ఉంది, నిలిపారు.

కదిరయ్య విడుదలై వచ్చేసరికి మందలో సగం అమ్ముడుపోయింది. ఒక సాయంత్రం బాటసారి ఒకడు వచ్చాడు. ఓబమ్మ గిన్నెలో సంగటి ముద్ద పెట్టి అందించబోయింది. కదిరయ్య ఆ గిన్నెకు చేయి అడ్డం పెట్టాడు.

"నీ పేరేందప్పా? యాడి నుంచి వస్తివి?"

ఆ మనిషి ఇద్దరి మొహాలూ చూసి, లేచి వెళ్లిపోయాడు. ఆ ముద్దనూ ఓబమ్మ తినలేకపోయింది.