తలనూనె మీద పడిన నేరం

2021 వానాకాలంలో సామర్లకోట నుంచి సువార్తమ్మ టీచర్ గారు ఫోన్ చేశారు. రాజమండ్రిలో సోఫాలు, కుర్చీలు బాగుచేసే కొట్టు నాది. "లెదర్ కుర్చీ పెచ్చులూడిపోతోందండి, ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నారు.

వెళ్లేసరికి హాల్లో రిక్లైనర్, అంటే కాళ్లు చాపుకుని వెనక్కి వాలే కుర్చీ, ఖాళీగా ఉంది. ఆవిడ భర్త గాబ్రియేలు గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన నడుం నొప్పి కోసమే కొన్నారట దాన్ని. ఆయనేమో పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు.

"కొబ్బరినూనె కారేలా పెట్టుకుని ఆనుకుంటారండి. మూడేళ్లు తిరక్కుండానే పాడుచేశారు," అన్నారావిడ.

"నెల నుంచి అందులో కూర్చోవడం లేదు బాబూ. ఉన్నదైనా మిగులుతుందని," అన్నారాయన మెల్లగా.

తల ఆనేచోట నూనె మరక ఉన్నమాట నిజమే. కుర్చీని గోడ దగ్గర్నుంచి లాగి వెనకవైపు చూశాను. అక్కడా పెచ్చులే. గోరుతో గీకితే పైపొర కాగితంలా లేచి, కింద గుడ్డ కనిపించింది.

"టీచర్ గారండీ, ఇటువైపు ఎవరూ తల ఆనించరు కదండి."

ఆవిడ వంగి చూశారు. ఇది బాండెడ్ లెదర్ అనీ, తోలు పొడిని జిగురుతో కలిపి గుడ్డకు అంటించి పైన ప్లాస్టిక్ పూత వేస్తారనీ చెప్పాను. మన తేమకి ఎవరూ కూర్చోకపోయినా ఊడుతుంది.

"అయితే ఈయన వల్ల కాదా?"

"మరక ఆయనదేనండి. పెచ్చులు కాదు."

ఆవిడ లోపలికి వెళ్లి కాఫీ తెచ్చారు. మొదటి గ్లాసు నాక్కాదు, ఆయనకిచ్చారు.

తర్వాత, కుర్చీకి కొత్తగా వేయడానికి నేను తెచ్చిన అసలు తోలు ముక్కలు చూపించాను. ఫుల్ గ్రెయిన్‌లో చర్మం పైపొర అలాగే ఉంటుంది, పశువు ఒంటిమీది గీతలు కూడా కనిపిస్తాయి. ఆయన దాన్ని చాలాసేపు నిమిరారు. కానీ అది నూనె పీల్చేస్తుంది. టాప్ గ్రెయిన్ అయితే పైన సానబట్టి రంగుపూత వేస్తారు, మెత్తటి తడిగుడ్డతో తుడుచుకోవచ్చు.

"నూనె మానేస్తాను లే సువార్తా," అన్నారాయన, ఫుల్ గ్రెయిన్ ముక్క వదలకుండా.

"ఏం మానక్కర్లేదు. తుడిచేదే వేయించుకుందాం. రోజూ నేను తుడుస్తాను."

తోలు రకం తెలియకపోతే ఇంట్లో ఒక మనిషి ఊరికే మాట పడతాడని నాకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా, ఎలా బాగుచేయాలో చెప్పే ముందు ఎందుకు పాడైందో చెబుతాను, ఇంట్లో అందరికీ వినపడేలా.