వీరుణ్ణి చేసే దెబ్బ

గరాజ్‌లో మా అబ్బాయి హాకీ బ్యాగ్ విప్పగానే చెమట కంపు గుప్పుమంది. నా చిన్నప్పుడు కెనడాలో, రెజైనాలో మా బేస్‌మెంట్ కూడా ఇలాగే కంపు కొట్టేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఆరు. పూర్వం యూరప్‌లో ఒకణ్ణి నైట్‌గా, అంటే రాజుగారి గుర్రపు వీరుడిగా చేసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఒక దెబ్బ కొట్టేవారని, తిరిగి కొట్టకుండా అతను భరించాల్సిన దెబ్బ అదొక్కటేనని మా టీచర్ చెప్పారు. ఇంటికి రాగానే తమ్ముడికి హాకీ హెల్మెట్ తగిలించి మోకాళ్ల మీద కూర్చోబెట్టాను. హాకీ కర్రతో భుజం మీద కొట్టాను. వాడు ఏడవలేదు. దెబ్బ సరిగ్గా తగల్లేదనుకుని ఇంకా గట్టిగా కొట్టాను.

"అక్కా, యూ సెడ్ వన్," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నైట్ ఎదురు మాట్లాడతాడా? రెండు చేతులా ఎత్తి కొట్టాను. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. వాడి భుజం కిందికి జారిపోయింది.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందిరా?"

"ఐ ఫెల్, అమ్మా," అన్నాడు, నా వైపే చూస్తూ.

నన్ను కాపాడాడు, నైట్ అంటే వీడే అని ఏళ్ల తరబడి మురిసిపోయాను. వాడలా నా వైపు చూస్తున్నప్పుడు ఆ కర్రను నేనింకా వీపు వెనక బిగించి పట్టుకునే ఉన్నానని ఈరోజే గుర్తొచ్చింది.