మెల్చోర్ కాలవకు కట్టిన కట్ట

దొమితిలా లింకాంగో ఇంట్లో మూడు ప్రాణులుండేవి: ఆమె, ఆమె తండ్రి మెల్చోర్, కపితాన్ అనే కుక్క. ముగ్గురిలోకీ ఎక్కువ శ్రమపడేది కుక్కే. తండ్రికీ కూతురికీ మాటల్లేవు కాబట్టి ముసలాయన ఏం చెప్పాలన్నా కుక్కతో చెప్పేవాడు.

"ఒరే కపితాన్, సూపులో ఉప్పు లేదని ఆవిడగారితో చెప్పు."

"కపితాన్, ఉప్పుడబ్బా ఆయన మోచేతి పక్కనే ఏడ్చిందని చెప్పు," అనేది దొమితిలా.

కుక్క ఇద్దరి మొహాలూ చూసి, ఎముక ఎవరి పళ్లెంలో ఉంటే వాళ్ల వైపు తోక ఊపేది. రెండేళ్లు ఇలాగే గడిచాయి. తగువేమో పొలం దగ్గర వచ్చింది కాదు, పెళ్లి దగ్గర వచ్చిందీ కాదు. ఒక కాలవ దగ్గర వచ్చింది. వినడానికి నవ్వొస్తుంది గానీ ఆ ఇంట్లో రెండేళ్లుగా ఎవరూ నవ్వలేదు.

ఆ ఊరు కీటో నగరానికి ఎగువన ఉంది. ఊరికి ఎగువన పారమో. చెట్టు కూడా మొలవడానికి భయపడే ఎత్తులో, మోకాలి పైదాకా పెరిగే పసుపుపచ్చ గడ్డి, ఎప్పుడూ గాలి, రోజులో సగం పొగమంచు. మెల్చోర్ కుర్రాడుగా ఉన్నప్పుడు అదంతా దొరది, ఊరంతా ఆ దొరకు వెట్టి. పారమో నడిమధ్య పెద్ద చిత్తడి నేల ఉండేది. అందులో దొర ఆవులు దిగబడి చచ్చిపోతున్నాయని, నీళ్లు తోడేసి నేలను ఎండగట్టమని హుకుం వచ్చింది. మెల్చోర్ పార పట్టుకుని రెండు వేసవులు తవ్వాడు. కొండవాలు పొడుగునా దారం లాగినట్టు సూటిగా కాలవ దించాడు. నేల ఎండింది, గడ్డి లేచింది, ఆవులు మేశాయి. తర్వాత దొర పోయాడు, భూమి ఊరివాళ్లకు పంచారు. కాలవకు మాత్రం మెల్చోర్ కాలవ అన్న పేరు నిలిచిపోయింది. ఊళ్లో బడికి ఎవరో బిషప్పు పేరు, వీధికి ఎవరో సేనాపతి పేరు ఉన్నాయి. ఊరి మనిషి పేరు పెట్టుకున్నది ఆ కాలవ ఒక్కటే. పండగపూట రెండు గుక్కలు పడితే చాలు, మెల్చోర్ ఆ సంగతి అందరికీ గుర్తుచేసేవాడు.

అయితే ఆ కాలవ చివర, బాగా దిగువన, నగరానికి నీళ్లు పోయే తూము ఉంది. వానలు పడితే కాలవ మన్నూ పేడా కలుపుకుని కాఫీ రంగులో వచ్చి తూములో పడేది. ఎండలు మొదలైతే చుక్క వచ్చేది కాదు. వాననీళ్లు దాచుకునే నేలనే పిండి ఆరేస్తే ఇంకేం వస్తుంది? నగరం నీళ్ల ఆఫీసువాళ్లు ఊరి సభకు వచ్చి అడిగారు: పశువులను కిందికి దించండి, కాలవలకు అడ్డుకట్టలు వెయ్యండి, చిత్తడిని చిత్తడిగా బతకనివ్వండి. బదులుగా కింది చేలకు పచ్చిక విత్తనం, పాలు చల్లబరిచే యంత్రం, పారమో కాపలా ఉద్యోగాలు ఊరివాళ్లకే ఇస్తామన్నారు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమంటే దొమితిలా చెయ్యెత్తింది. మెల్చోర్ టోపీ నెత్తిన పెట్టుకుని సభలోంచి లేచిపోయాడు.

దొమితిలా కాపలా ఉద్యోగంలో చేరింది. యాభై దగ్గరపడిన మనిషి, భర్త పోయిన మనిషి, ఇతరుల ఆవుల పాలు పితికి అరచేతులు కాయలు కాచిన మనిషి. రబ్బరు బూట్లు తొడుక్కుని, తోటి కాపలాదారు ఫౌస్తోతో కలిసి కంచె వెంట తిరగడం, తప్పించుకొచ్చిన ఎద్దులను తరమడం, కాలవలకు కట్టలు వెయ్యడం ఆమె పని. ముందు పెద్ద కాలవ పని పట్టాలన్నారు. పెద్ద కాలవ ఎవరిదో వేరే చెప్పాలా?

చెక్కలు పాతి, పచ్చిక పెళ్లలు పేర్చి, ఆమె మొదటి కట్ట వేసిన సాయంత్రం మెల్చోర్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆ కాలవ పెట్టిన గడ్డి మేసిన ఆవు పాలు తాగేనే నువ్వు పెరిగింది. దానికి సమాధి కడతావటే?"

"సమాధి కాదు నాయనా. నీళ్లు ఆగాలని..."

"నీళ్లు పోవాలని నేను తవ్వాను. ఆగాలని నువ్వు పూడుస్తున్నావు. మరి మనిద్దరికీ మాటలెందుకు?"

ఆమెతో నేరుగా ఆయన అన్న ఆఖరి మాట అది. మర్నాటి నుంచి కపితాన్ కొలువులో చేరాడు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మెల్చోర్ ఎనభై దాటినా ప్రతి ఆదివారం పార భుజాన వేసుకుని, తల దూర్చి వేసుకునే దుప్పటిలాంటి ఎర్ర ఉన్ని పోంచో కప్పుకుని పారమోకి ఎక్కేవాడు. కట్టకు నాలుగు పారపోట్లు వేసి గండి కొట్టి నీళ్లు వదిలేవాడు. సోమవారం దొమితిలా వెళ్లి మళ్లీ పూడ్చేది. ఆఫీసు ఇంజనీరమ్మ అడిగితే "కుందేళ్లండీ" అనేది.

"మీ కుందేళ్లకు పార పట్టడం ఎవరు నేర్పారమ్మా?" అని నవ్వింది ఇంజనీరమ్మ. ఆ నవ్వుతో విషయం వదిలేసింది కూడా.

ఫౌస్తోకి మాత్రం ఒళ్లు మండేది. "తాత తవ్విన బావి అని అందులో దూకుతామా అక్కా? ఒక్కసారి గట్టిగా చెప్పరాదూ!"

"ఆయన జన్మలో తన పేరన చేసుకున్న పని అదొక్కటేరా. పగలగొట్టుకోనీ. సోమవారాలు నావేగా," అనేది దొమితిలా. అలా అనేది గానీ, పెళ్లలు మోసి మోసి నడుము పట్టేసిన రాత్రుల్లో ఆమెకూ ఏడుపు వచ్చేది. బయటివాడు పగలగొడితే తిట్టొచ్చు. తండ్రిని ఏమంటుంది?

అయినా కట్ట వెనక నీళ్లు నిలిచాయి. మొదటి ఏడు మోకాలి లోతు, రెండో ఏడు రొమ్ము లోతు. చుట్టూ నేల మెత్తబడింది. పచ్చటి దిండ్లలాంటి నాచుమొక్కలు గుంపులు గుంపులుగా తిరిగొచ్చాయి. వానాకాలంలో తూము దగ్గర దోసిట్లోకి తీసుకుంటే అరచేతి గీతలు కనబడేంత తేటగా ఉండేవి నీళ్లు.

ఆ ఏడు ఆగస్టు గాలులు వచ్చాయి, వానలు రాలేదు. నగరంలో వంతులవారీగా నీళ్లు వదులుతున్నారని రేడియోలో చెబుతున్నారు. పారమోలో గడ్డి పట్టుకుంటే పొడి అయిపోతోంది. అలాంటి కాలంలో గడ్డికి నిప్పు పెడితే పొగకు మబ్బు దిగివస్తుందని కొండమీది ముసలివాళ్ల నమ్మకం. పొగకు మబ్బు దిగడం నేనైతే చూడలేదు. మంట దిగడం మాత్రం చాలాసార్లు చూశాను. ఆ ఆదివారం శిఖరం అవతలి ఊళ్లో ఎవరో ఆ పనే చేశారు.

దొమితిలా పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఫౌస్తో మోటారు సైకిలు గుమ్మం ముందు పడేసినట్టే ఆపాడు.

"అక్కా! అవతలోళ్లు నిప్పెట్టారు. గాలి మనవైపే ఉంది. శిఖరం దాటేసింది!"

ఆమె చేతులు తుడుచుకుంటూ లేచింది. అప్పుడే కపితాన్ వెనక గోడ దూకి లోపలికొచ్చాడు. ఒంటరిగా. తోక చివర వెంట్రుకలు కమిలి కంపు కొడుతున్నాయి. ఆ కుక్క ఆదివారాలు ఎవరి వెంట ఎక్కడికి వెళుతుందో ఊరందరికీ తెలుసు. దొమితిలా మూల చూసింది. పార లేదు. మేకుకు పోంచో లేదు.

"నాయన పైనే ఉన్నాడ్రా ఫౌస్తో."

వాడు బండి తిప్పాడు. ఆమె వెనక కూర్చుంది, కుక్కను ఒళ్లో ఇరికించుకుంది. కంచె దాకా బండి మీద వెళ్లి, అక్కణ్నుంచి పరిగెత్తారు. గాలి పలచగా ఉండే ఎత్తులో పరుగంటే మాటలు కాదు. పది అడుగులకు రొమ్ము పగిలిపోతుంది. మంట అప్పటికే ఆ వాలు దాటి పక్కలోయవైపు మళ్లింది. వెనక వదిలినదంతా నలుపు. గడ్డి కుదుళ్లు మసిపట్టిన పొయ్యిరాళ్లలా పొగలు కక్కుతున్నాయి. బూట్ల అడుగు వేడెక్కి పాదాలు కాలుతున్నాయి.

"నాయనా!" అని అరిచింది. పొగకు గొంతు పూడిపోయింది. పట్టుమని ఒక్క అరుపు కూడా సరిగ్గా రాలేదు.

దారి పొడుగునా ఆమె మనసులో ఒకటే మాట తిరిగింది. చేతులు జోడించి బతిమాలైనా ఆపాల్సింది. సోమవారాలు నావేగా అని గొప్పలు పోయాను. ఇప్పుడు రేపటి సోమవారం ఏం చేసుకోను?

చిత్తడి దగ్గరికి వచ్చేసరికి నలుపు ఆగిపోయింది. అంచు గీసినట్టు ఆగిపోయింది. ఇవతల బూడిద, అవతల పచ్చ. మంట రెండువైపులా నాకి చూసి, తడి నేల నమలలేక చుట్టూ తిరిగి పోయింది. దొమితిలా పచ్చలోకి అడుగుపెట్టి కట్టవైపు చూసింది. కట్ట మధ్యలో ఎర్రగా ఏదో ఉంది.

నాయన పోంచో. సగం బురదలో కూరుకుపోయి, సగం పైకి తేలి. లోపల మనిషి లేడు.

ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. ఫౌస్తో టోపీ తీసేశాడు, వాడూ అదే అనుకున్నాడు. కపితాన్ మాత్రం ఆమెను దాటి ఉరికి, కట్ట ఎక్కి, అవతలికి చూసి మొరగడం మొదలుపెట్టాడు.

"కపితాన్! ఇంతసేపూ ఎక్కడ చచ్చావురా? ఈ నీళ్లు మంచుముక్కల్లా ఉన్నాయని ఆవిడగారితో చెప్పు!"

కట్ట వెనక, రొమ్ము లోతు నీళ్లలో, నాచుదిండును కౌగలించుకుని మెల్చోర్ నిలబడి ఉన్నాడు. నెత్తిన టోపీ, టోపీ నిండా బూడిద, కనుబొమ్మలు సగం లేవు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. దొమితిలా బూట్లతోనే దూకింది. ఫౌస్తో, ఆమె చెరో చంకా పట్టి గట్టుకు లాగారు. ఫౌస్తో తన కోటు తీసి ఆయనకు చుట్టాడు. దొమితిలా ఆయన చేతులు, పాదాలు, వీపు గట్టిగా రుద్దుతూనే ఉంది. కళ్లనీళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు.

"చెప్పరా దానికి," అన్నాడు మెల్చోర్ కుక్కనే చూస్తూ. "ఎప్పట్లాగే వచ్చాను. ఒక్క పార వేశాను. నీళ్లు బుసబుసా పోతున్నాయి. తలెత్తితే పొగ. వెనక్కి తిరిగితే అటూ మంటే. దాక్కోవడానికున్నవి ఈ నీళ్లు ఒక్కటే. అవేమో నేను పెట్టిన గాటులోంచే పారిపోతున్నాయి."

"అప్పుడు?" అన్నాడు ఫౌస్తో.

"అప్పుడేముంది? పారతో పెళ్లలు తవ్వే టైముందా? పోంచో తీసి కుక్కాను. పైన నేను కూర్చున్నాను. ఆగాయి. మంట మీదికొచ్చేసరికి నీళ్లలోకి దిగాను." కాసేపు దగ్గాడు. తర్వాత గొంతు తగ్గించి, కుక్క చెవి దగ్గర, "చెప్పరా... కట్ట గట్టిగానే కట్టిందని చెప్పు," అన్నాడు.

కపితాన్ ఒళ్లు విదిలించుకుని, ముగ్గురి మీదా బురద చల్లి, గడ్డిలో ఏదో వాసన పట్టుకుని వెళ్లిపోయాడు.

"కుక్క వినడం లేదు నాయనా," అంది దొమితిలా. "నువ్వే చెప్పు."

ముసలాయన కొండవైపు చూశాడు, కాలవవైపు చూశాడు, మసిపట్టిన తన గోళ్లవైపు చూశాడు. తప్పించుకునే దారి ఎక్కడా లేదు.

"దొమితిలా," అన్నాడు. "చలేస్తోందమ్మా. ఇంటికి పోదాం."

రెండేళ్ల తర్వాత ఆ నోట తన పేరు విని ఆమె ఏడ్చిందో నవ్విందో ఫౌస్తో ఇప్పటికీ చెప్పలేడు. ఆయన్ని వీపున వేసుకుని కొంతదూరం తానే మోసింది. దారి పొడుగునా మెల్చోర్ ఏదో ఒకటి గొణుగుతూనే ఉన్నాడు: నెమ్మదిగా నడవమని, ఎడమకాలికి బూటు లేదని, అంత లోతు గుంట చేసి పెడితే ముసలాడు నిలబడేదెలా అని. ప్రతి గొణుగుడుకూ ఆమె "సరే నాయనా, సరే" అంటుంటే గుండెల మీది రాయి ఒక్కో అడుగుకీ తేలికవుతోంది. ఇంట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి, వేడివేడి బెల్లం నీళ్లలో వేయించిన బార్లీ పిండి కలిపి ఇచ్చింది. రెండు గిన్నెలు తాగాడు. ఉప్పు గురించి మాట్లాడలేదు.

నాలుగు ఊళ్లవాళ్లు కొమ్మలతో కొట్టి, మట్టి చల్లి మర్నాటికి మంట ఆర్పారు. చిత్తడి మాత్రం కాలలేదు, తూములో నీళ్లు బూడిదరంగు తిరగలేదు. ఆ వారం కీటోలో కుళాయి తిప్పిన వాళ్లకెవరికీ మెల్చోర్ పోంచో సంగతి తెలీదు. వాళ్లు తాగారు, చాలు.

సోమవారం దొమితిలా కట్ట బాగుచేయడానికి వెళ్లింది. పోంచో లాగబోతే పక్కల నుంచి నీళ్లు చిమ్మాయి. అలాగే ఉంచి, దాని మీదే పెళ్లలు పేర్చింది.

పై ఆదివారం ఉదయం మెల్చోర్ పార భుజాన వేసుకుని గుమ్మం దాటుతున్నాడు. ఒంటి మీద పోయిన అల్లుడి పాత పోంచో, పొడవై మోకాళ్ల కిందిదాకా వచ్చింది. దొమితిలా వెనకే వచ్చింది.

"ఎక్కడికి నాయనా?"

"ఎక్కడికేమిటే? నా ఎర్ర పోంచో దాంట్లో ఉందా లేదా? అది తడిసి చివికి, ఆ కట్ట జారిందనుకో, పోయేది ఎవరి పేరు?" అని పార సర్దుకున్నాడు. "నువ్వు పెళ్లలు తలకిందులుగా పేరుస్తున్నావు. గడ్డి పైకి ఉండాలి. రా, చూపిస్తాను."

ఆమె బూట్ల కోసం లోపలికి పరిగెత్తింది. గుమ్మంలో పడుకున్న కపితాన్ ఒక కన్ను తెరిచి ఇద్దర్నీ చూశాడు. ఎవరూ తనతో ఏమీ చెప్పలేదు. మళ్లీ కన్ను మూసుకున్నాడు.