వైఫై జాబితాలో నాలుగో పేరు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటినుంచీ చిరాకే. ఇరవై ఏళ్లుగా బర్మాలోని యాంగోన్‌లో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. చెడిపోయిన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఇప్పుడు రాస్తున్నది కూడా మిమ్మల్ని నమ్మమని కాదు. జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట చెప్పకపోతే నాకు మనసు నిలవడం లేదు.

మాది ఇక్కడి తామ్వే పేటలో నాలుగో అంతస్తు ఇల్లు. నా భార్య పార్వతి పోయి అప్పటికి రెండు నెలలు. ఇంట్లో నేనూ, మా అమ్మాయి రూప, అంతే. రూప ఆన్‌లైన్‌లో టీచరు శిక్షణ చదువుతోంది. చివరి పరీక్ష గురువారం పొద్దున తొమ్మిదింటికి, వీడియోలో పాఠం చెప్పి చూపించాలి. మధ్యలో లైను తెగితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

ఇంట్లో అన్నిటికీ వైఫై పంచే పెట్టె నేను సొంతంగా తయారుచేసుకున్నది. లత పేటలో పాత సామాన్ల కొట్లో దొరికిన చిన్న కంప్యూటరు, దానికో వైర్‌లెస్ కార్డు, రెండు యాంటెన్నాలు. కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తుంది. ఏడాదిపాటు నిక్షేపంలా పనిచేసింది. పార్వతి పోయిన నెలకు మొండికేసింది. రోజూ పొద్దున, రూప క్లాసు మొదలయ్యే వేళకే, తెరమీద బొమ్మ ఆగిపోయేది.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. యాంటెన్నా తీగలు బిగించాను. ఛానెల్ మార్చాను. కరెంటు ఆదా చేసే సెట్టింగు ఆపేశాను. వేడెక్కుతోందేమోనని చిన్న ఫ్యాను పెట్టాను. చివరికి కార్డే మార్చేశాను. ఏమీ లాభం లేకపోయింది.

బుధవారం క్లాసు వేళకు కూర్చుని, పెట్టెకు ఏవేవి కలిసి ఉన్నాయో ఆ జాబితా తెరిచాను. మొదట చూడాల్సింది అదే. మా ఇంటివే కదా అని చూడలేదు. నా ఫోను, రూప ఫోను, రూప ల్యాప్‌టాప్. నాలుగోది పార్వతి ఫోను. పేరు అదే, ప్రతి ఫోనుకూ ఉండే గుర్తు సంఖ్య కూడా అదే. సిగ్నల్ మాత్రం మరీ నీరసంగా, కొంచెం పెరుగుతూ తగ్గుతూ ఉంది. రెండు మూడు వీధుల అవతల ఉన్నదైతేనే అంత తక్కువ చూపించాలి. అంత దూరం నా పెట్టె అందదు.

అలాంటి ఫోను ఒక్కటి తగులుకుంటే మిగతావన్నీ నెమ్మదిస్తాయి. మా ఇరుకు మెట్లమీద ముందు ముసలావిడ నడుస్తుంటే వెనకవాళ్లందరూ ఆగినట్టే. కారణం దొరికింది. కానీ ఆ ఫోనే లేదు. అహ్లోన్ రేవులో అస్థికలు కలిపేటప్పుడు, పోయినవాళ్లకు ఇష్టమైనదేదైనా నీళ్లలో వదలమంటారు మా పెద్దలు. అందరూ చీరో గాజులో వదులుతారు. పార్వతి రోజంతా పాటలు వినేదని నేను ఫోను వదిలాను. అది మునగడం కళ్లారా చూశాను.

కింది అంతస్తులో ఉండే బర్మా పెద్దావిడ డో ఖిన్‌కు చెబితే ఆవిడ నవ్వలేదు. ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్లకు బర్మావాళ్లలో ఒక కాగితం రాస్తారట, నీ పేరు కొట్టేశాం, ఇక పనికి రానక్కర్లేదు అని. రాయకపోతే పాపం వస్తూనే ఉంటారట. నీ భార్యకు రాశావా అని అడిగింది. నాకు ఒళ్లు మండి పైకి వచ్చేశాను. పార్వతి రోజూ ఆ వేళకు, ఇంగ్లీషు ముక్క అర్థంకాకపోయినా, ఫోను పట్టుకుని రూప పక్కనే కూర్చునేదని మెట్లమీద ఉండగా గుర్తొచ్చింది.

మర్నాడు పరీక్షకు పది నిమిషాలుందనగా చూస్తే నాలుగో పేరు ఉంది. బొమ్మ అప్పటికే తడబడుతోంది. ఆ ఫోనును అడ్డుకునే ఒక్క లైను కమాండు టైపు చేశాను. ఎంటర్ నొక్కడానికి వేలు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, పైకే అన్నాను. "ఇంక సాల్లే పార్వతీ. పిల్ల పెద్దదైపోనాది. నువ్వెల్లు."

నొక్కాను. వెంటనే వేగం వచ్చింది. పరీక్ష ఒక్కసారి కూడా ఆగలేదు. నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను.

అయ్యాక రూప వచ్చి నా ముఖం చూసింది. "అమ్మని తీసేసేవా నాన్నా?" అంది.

ఆ జాబితా ఎలా తెరవాలో రూపకు ఎప్పుడో నేనే నేర్పాను. అందులో తల్లి పేరు నెల కిందటే చూసిందట.

"సెప్తే నువ్వు బాగుసేసేత్తావని సెప్పలేదు. క్లాసు ఆగితే ఆగనీ అనుకున్నాను" అంది.

నెలరోజులు ఆగిపోయిన బొమ్మ ముందు కూర్చుని పాఠాలు పోగొట్టుకుంది నా పిల్ల, తల్లి అక్కడుందని. ఆ సాయంత్రమే అడ్డు తీసేశాను. పార్వతి ఫోను మళ్లీ కలవలేదు.

నాకు తెలిసిన కారణాలన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరి ఫోనుకో అదే సంఖ్య ఉండొచ్చు. మరి పేరూ పాస్‌వర్డూ కూడా అవేనా? పాత రికార్డు మిగిలిపోయి ఉంటే సిగ్నల్ ఎందుకు పెరుగుతూ తగ్గుతూ ఉండేది?

రూప పాసయింది. క్లాసులు అయిపోయినా రోజూ తొమ్మిదింటికి ఆ జాబితా తెరిచి కూర్చుంటుంది. నేను వంటింట్లో టీ పెట్టుకుంటూ ఉంటాను. ఎన్ని పేర్లున్నాయని అడగను. అడగడానికి నాకు ముఖం చెల్లదు.