కంప్యూటర్ డబ్బాకు ట్రంకుపెట్టె పిడి

మా కోడలి తండ్రి పోయారన్న కబురు పోయిన నెల ఒక పొద్దున వచ్చింది. ఫోన్ చేసింది కోడలే. "అత్తమ్మా, నాయిన పోయిండు" అంది, అంతే. ఆ సమయానికి నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. ఆయన తడిమి, నొక్కి, నా చేత ఎత్తించి మరీ కొనిపించిన డబ్బా పక్కనే చిన్నగా గుర్రుమంటోంది. దాన్ని ఆపాలని కూడా తోచలేదు.

వియ్యంకుణ్ణి మెచ్చుకునే వియ్యపురాలిని మా వైపు వింతగా చూస్తారు. పిల్లాడి తల్లి ఏడాదికి ఒక్కసారైనా అలగాలి, పిల్ల తండ్రి బతిమాలాలి. నా వంతు నేను లోటు లేకుండా చేశాను. ముప్పై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా ఆడిన నోరు రిటైరైనంత మాత్రాన ఊరుకోదు కదా! ఆయన పాల్వంచ థర్మల్ స్టేషన్లో మీటర్లు బాగుచేసే మెకానిక్‌గా చేసి దిగిపోయిన మనిషి. నేను పది మాటలంటే ఆయన ఒకటి అనేవారు. ఆ ఒక్కటీ నాకు ఇల్లు చేరాక తగిలేది.

భద్రాచలంలో మా ఇల్లు గోదావరికి దగ్గర. ఉద్యోగం చేసిన రోజుల్లో అడవి పల్లెల పెద్దమ్మల దగ్గర కూర్చుని, వాళ్లు తవ్వి తెచ్చే దుంపల పేర్లు, ఆకుల పేర్లు, ఏ దుంప చేదు ఎట్లా విరుగుతుందో నోట్‌బుక్కుల్లో రాసుకునేదాన్ని. ఒక వరదకు అవన్నీ తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ మరకల్లో ఏముందో చదవగలిగేది నేనొక్కదాన్నే. మళ్లీ అడుగుదామంటే చెప్పినవాళ్లలో చాలామంది లేరు. నా చూపు బాగున్నప్పుడే ఒక కంప్యూటర్ కొని టైపు చేసి పెట్టాలనుకున్నాను. అబ్బాయి, కోడలు మణుగూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. "నాయినకు చెప్పుండ్రి అత్తమ్మా, సామాన్లు కొనుక్కొచ్చి ఆయనే బిగిస్తడు" అంది కోడలు.

ఇద్దరం ఖమ్మం వెళ్లాం. దుకాణంలో నా కన్ను ఒక క్యాబినెట్ డబ్బా మీద పడింది. పక్కన అద్దం, లోపల నీలం లైట్లు. చూడముచ్చటగా ఉంది. ఆయన దాని రేకును బొటనవేలితో నొక్కారు. అది అప్పడంలా లోపలికి పోయి టప్పుమని తిరిగొచ్చింది.

"లైటు జాస్తి, రేకు తక్కువ" అన్నారు.

ఇంకోదాని లోపల చెయ్యి పెట్టి అంచులు తడిమారు. "దీనికి అంచు మడవలేదు. దుమ్ము తుడువబోతే చెయ్యి కోసుకుంటది." మరోదాని ముందు జల్లెడ ఊడి వస్తుందా, వెనుక ఫ్యాను పట్టే చోటుందా అని చూశారు. దుకాణం వాడికి విసుగొచ్చింది.

"సార్, కంప్యూటర్ కొంటున్రా, బర్రెను కొంటున్రా?"

"బర్రెకైతే పండ్లు చూస్తం తమ్మీ. దీనికి ముక్కు, వీపు చూడాలె. ముందటికెల్లి గాలి పీల్చాలె, వెనుకకెల్లి ఇడవాలె. రెండూ మూయొద్దు."

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పెద్దది, దర్జాగా ఉంది. ఇంకోటి పొట్టిది, నల్లది, మా స్కూలు బీరువాకు పుట్టినట్టుంది. లోపల బిగించబోయే సామాన్లన్నీ రెండింట్లోనూ మార్చి మార్చి పెట్టించి, అంతమంది ముందు నాతో, "ఎత్తుండ్రి చెల్లెమ్మా" అన్నారు.

"నేనెందుకండీ? కూలికి మనిషి దొరకడా?"

"మీరే ఎత్తాలె."

పెద్దది నడుము దాటలేదు. పొట్టిది ఛాతీదాకా వచ్చింది. "గిదే" అన్నారాయన. నా వయసును బజార్లో తూకం వేశాడని నాకు మండింది. తిరుగు బస్సులో పాల్వంచ దాకా కిటికీలోంచే చూశాను. ఆ ఏటి అలక అట్లా పూర్తయింది.

అంతటితో ఊరుకోలేదు. ఏదీ బిగించక ముందే ఖాళీ డబ్బా పైన రంధ్రాలు వేసి, ఇనుప రజను ఒక్కటి మిగలకుండా తుడిచి, పాత ట్రంకుపెట్టె పిడి తెచ్చి బోల్టులతో బిగించారు.

"ఇది కంప్యూటరా, హాస్టలుకు పోయే పిల్ల పెట్టెనా?" అన్నాను.

"రెండూ ఎత్తుకపోయేటియే గద."

నెల తిరక్కుండా నేనే ఫోన్ చేశాను. గంట నడిచి ఆగిపోతోంది, మీరు ఏరిన డబ్బా ఇట్లా ఏడ్చింది, అని. మర్నాడు బస్సు దిగి వచ్చారు. చూసి, ఒక అగరుబత్తి అడిగారు.

"పూజ చేస్తే నడుస్తుందా అన్నయ్యగారూ?"

ఆయన డబ్బా ఆన్ చేసి, అగరుబత్తి వెలిగించి దాని ముందు పట్టారు. పొగ తిన్నగా పైకి పోయింది. దుమ్ము పడకూడదని పాత పట్టుచీర అంచుతో నేను కుట్టి డబ్బాకు తొడిగిన ముసుగును తీసి మళ్లీ పట్టారు. పొగ వంగి ముందు జల్లెడలో దూరి, వెనుక నుంచి బయటికొచ్చింది. నాకు అర్థమైంది. ఆయన ముసుగును నాలుగు మడతలు పెట్టి, "కుట్టు మంచిగున్నది చెల్లెమ్మా, టీవీకి తొడుగుండ్రి" అన్నారు. కూతురికి మాత్రం ఫ్యాను తీగ వదులైందని చెప్పారట. నేనూ సవరించలేదు.

టైపు పూర్తయ్యేసరికి ఆ నోట్‌బుక్కులు బూజుపట్టి పొడిపొడి అయ్యాయి. ఇక ఉన్నదంతా ఆ డబ్బాలోనే. ఆ వానాకాలం గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. మణుగూరు దారి మునిగింది. మైకులో ఇళ్లు ఖాళీ చేయమంటుంటే ఫోన్ మోగింది.

"చెల్లెమ్మా, డబ్బా పైకెక్కించిన్రా?"

"మనిషి ఎక్కిందా అని అడగరా?"

"మనిషిని ఎవరన్న ఎక్కిస్తరు. దాన్ని మీరొక్కరే ఎక్కించాలె. సజ్జ మీదికి, జల్దీ!"

ఖమ్మం దుకాణంలో నా చేతే ఎందుకు ఎత్తించారో అప్పుడు అర్థమైంది. వీధిలో ఎవరి మూటలు వాళ్లవి, పిలిస్తే పలికే చెయ్యి లేదు. తీగలు పీకి, పిడి పట్టుకుని బల్ల మీదికి, బల్ల మీద వేసిన పీట మీదికి, అక్కణ్ణుంచి సజ్జ మీదికి ఎక్కించాను. నాలుగు రోజులు శిబిరంలో ఉండి వచ్చేసరికి బల్ల తిరగబడి ఉంది, కంప్యూటర్ తెర బురదలో ఉంది. డబ్బా ఉన్నచోటే ఉంది. ఆయన తన ఇంటి తెర ఊడదీసి మొదటి బస్సుకే తెచ్చారు. డబ్బా ఆన్ చేశాక, "ఒకటి చదువుండ్రి" అన్నారు. చేదు దుంపను పలచగా కోసి, గంపలో వేసి, పారే వాగులో రాత్రంతా ఉంచాలన్నది చదివాను. ఆయన చీలమండల దాకా బురదలో నిలబడి, బడిపిల్లాడిలా విన్నారు.

కృతజ్ఞత చెప్పాల్సింది. "పిడి కొంచెం వంకరగా బిగించారు" అన్నాను.

"వంకరున్నా ఎత్తింది గద" అని నవ్వారు.

పెద్దకర్మ నుంచి వచ్చాక ఆయన ఫొటో ఒకటి కంప్యూటర్ బల్ల మీద పెట్టుకున్నాను. పొద్దున్నే డబ్బా ఆన్ చేసి, ఫొటో ముందు అగరుబత్తి వెలిగిస్తాను. పొగ ఫొటో దగ్గర ఎక్కువసేపు ఆగదు. వంగి, ముందు జల్లెడలో దూరి, వెనుక నుంచి వచ్చి, కిటికీలోంచి గోదావరి వైపు పోతుంది.